కొత్త బ్లాకుకు వరండా ఎందుకు లేదంటే

మా కాలేజీలో కొత్త బ్లాకు కట్టారు, పోయిన జూన్ లో క్లాసులన్నీ అందులోకి మార్చారు. కాలేజీ పేరు చెప్పను, నా ఉద్యోగం నాక్కావాలి, తిరుపతి నుంచి షేర్ ఆటోలో పోయేంత దూరం అనుకోండి చాలు. నేను చెప్పేది ఫిజిక్స్. ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళ గతి తెలిసినవాళ్ళకి తెలుసు, ఫస్టియర్ అయిపోయాక పిల్లోళ్ళు నమస్తే కూడా పెట్టరు. అట్లాంటి నన్ను తీసుకుపోయి బిల్డింగ్ కమిటీలో వేశారు, ఎందుకంటే ఒక లేడీ మెంబర్ ఉండాలంట, మిగతా మేడమ్స్ అందరూ ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నారు, నేనేమో ఆ రోజు లీవులో ఉన్నా. కమిటీలు పడేది లీవులో ఉన్నోళ్ళ మీదే కదా.

కమిటీలో ఎవరికీ తెలియంది ఏందంటే మా నాయన బేల్దారి మేస్త్రీ. పద్నాలుగేళ్ళప్పుడు మా తాత వెంట యూనివర్సిటీ హాస్టల్ పనికి బాండ్లి మోయడానికి పోయినోడు, నలభై ఏళ్ళకు పైన తాపీ వదల్లేదు. నేను చిన్నప్పుడు ఇసక కుప్ప మీద కూర్చుని హోంవర్క్ రాసుకున్నా. కాబట్టి ప్లాన్ కాగితం నా ముందర పరిస్తే నాకు భయం లేదు, ఏది గోడ ఏది గుమ్మం ఏది మెట్లు అని తెలుస్తుంది, ఆ సంగతి మాత్రం సార్లకి తెలియదు.

మొదటి మీటింగుకు చెన్నై నుంచి ఆర్కిటెక్ట్ వచ్చాడు. కుర్రాడు, మంచోడే, మాట మెత్తన. ల్యాప్ టాప్ తెరిచి త్రీడీ బొమ్మలు చూపించాడు, అబ్బా ఏం బొమ్మలు, పచ్చిక, ఫౌంటెను, ఆకాశం అంతా నీలం, గ్లాసు బిల్డింగు ముందర కోట్లేసుకున్న మనుషులు కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుకుంటా నడుస్తా ఉన్నారు. మన తిరుపతి మే నెలలో కోటేసుకుని నడిచేవాడిని నేనింతవరకు చూడలేదు. వెనక కొండలు కూడా పెట్టాడు కానీ అవి మన శేషాచలం కొండలు కావు, ఎక్కడివో కోసుగా ఉన్నాయి, మన కొండలు అట్ట ఉంటాయా, పైన గోడ కట్టినట్టు బండ నిటారుగా ఉంటుంది కదా. కరస్పాండెంట్ సార్ కి మాత్రం బొమ్మ తెగ నచ్చేసింది. "హైవే మీద బస్సులో పోయేవాడు తల తిప్పి చూడాల" అన్నారు. అంతే, అద్దాలు ఖాయం.

నేను ప్లాన్ కేసి చూస్తా ఉన్నా, ఏదో వెలితిగా ఉంది, ఏందో అర్థం కాలేదు కాసేపు. తర్వాత వెలిగింది. "సార్, వరండా ఎక్కడుంది?" అని అడిగా.

ఆ కుర్రాడు నవ్వి "డబుల్ లోడెడ్ కారిడార్ మేడమ్" అన్నాడు. అంటే ఏం లేదు, మధ్యలో ఒక సందు, సందుకు రెండు పక్కలా రూములు. ఆ సందులోకి గాలీ రాదు వెలుతురూ రాదు, పట్టపగలు కూడా ట్యూబ్ లైటు వెయ్యాలి, కరెంటు పోతే సెల్ ఫోన్ టార్చి వెయ్యాలి. లాడ్జీల్లో చూసుంటారు, గాంధీ రోడ్డు పక్క సందుల్లో ఉంటాయే, అట్లాంటిదే కొంచెం వెడల్పుగా.

ఎందుకిట్ట చేస్తారా అని ఇంటికొచ్చి కూర్చుని లెక్క వేశా, అప్పుడు అర్థమైంది. ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ వాళ్ళ లెక్కలో క్లాస్ రూము అంటే 66 చదరపు మీటర్లు, ల్యాబ్ 66, ట్యుటోరియల్ రూము 33, సెమినార్ హాలు 132. ఇవన్నీ కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్యన లోపలి కొలత. ఇన్స్పెక్షన్ కి వచ్చినవాళ్ళు టేపు పెట్టి కొలిచేది ఆ రూముల్ని. ఈ రూములన్నీ ఉన్నాయా, సైజు సరిపోయిందా, టిక్. మా బ్లాకు పొడుగు 200 అడుగులు, 8 అడుగుల వరండా పెట్టి మూడంతస్తులకు వేస్తే 4,800 చదరపు అడుగులు అవుతుంది, మా కమిటీలో అనుకున్న రేటు అడుగుకు రెండు వేలు, అంటే కోటికి దగ్గర. ఆ కోటి పెట్టి కట్టేది ఏ రూము కిందా రాదు, దానికి ఒక సీటు పెరగదు, ఎవరూ దాన్ని కొలవరు. అదీ సంగతి. వరండా లేకపోవడానికి ఆ చెన్నై కుర్రాడు కారణం కాదు, కరస్పాండెంట్ సారూ కాదు, కొలిచే టేపు దాని దాకా పోదు అంతే.

కానీ కాలేజీలో పిల్లలు చదువుకునేది ఎక్కడో తెలుసా. నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశా, 2003 నుంచి 2005. యూనివర్సిటీ 1954లో పెట్టారు, అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాదే అయింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, స్థలం దేవస్థానం వాళ్ళిచ్చింది, దాదాపు వెయ్యెకరాలు, కొండ కిందనే. పాత బ్లాకుల్లో నడిచినవాళ్ళకి గుర్తుంటుంది, ఎత్తైన స్లాబులు, పొడుగ్గా వరండాలు, వానొస్తే ఒక చివర నుంచి ఇంకో చివరకు తడవకుండా పోవచ్చు. నాకు క్వాంటం మెకానిక్స్ అర్థమైంది క్లాసులో కాదు, క్లాసు అయిపోయాక వరండా పిట్టగోడ మీద కూర్చుని నా ఫ్రెండ్ సుద్దముక్కతో నేల మీద రాసి చెప్తే అర్థమైంది. సార్లు కూడా క్లాసులో అడగలేని డౌటు వరండాలో అడిగితే నిలబడి చెప్పేవాళ్ళు, స్టాఫ్ రూముకు పోయి అడగాలంటే భయం కదా, వరండాలో భయం ఉండదు, అది సార్ చోటూ కాదు మన చోటూ కాదు.

ఇది నేను మీటింగులో చెప్పలేకపోయా. అక్కడ ఇట్లాంటివి చెప్తే సెంటిమెంట్ అంటారు. ఫిజిక్స్ మేడమ్ కదా, ఫిజిక్స్ చెప్దామనుకున్నా.

హైవే మాకు పడమటి పక్కన ఉంది. అంటే అద్దాలన్నీ పడమటికి. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు అటు ఇటు, ఏప్రిల్ ఆఖరులో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదకొస్తాడు, ఏప్రిల్ 26 ప్రాంతంలో మధ్యాహ్నం 12 దాటి పది నిమిషాలప్పుడు నిలబెట్టిన పైపుకు నీడ ఉండదు, ప్రతి ఏడాది పిల్లోళ్ళతో పీవీసీ పైపు పెట్టి చూపిస్తా, మళ్ళీ ఆగస్టు మధ్యలో ఇంకోసారి. ఆ రెండు రోజుల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం పక్కన ఉంటాడు, ఇది చెప్తే చానామంది నమ్మరు, దక్షిణం పక్క సన్ షేడ్ పెట్టి ఉత్తరం గోడ వదిలేస్తారు. సరే అదట్ట పెట్టండి. అసలు తంటా సాయంత్రం ఎండతో. ఏప్రిల్ నెలాఖరులో నాలుగు గంటలకు సూర్యుడు 34 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ప్లాన్ లో ఉన్నది రెండడుగుల సన్ షేడ్. రెండడుగుల సన్ షేడ్ ఆ టైములో కిటికీ మీద వేసే నీడ అడుగున్నర కూడా రాదు, ఐదు గంటలకు సూర్యుడు ఇంకా దిగుతాడు, అప్పుడు తొమ్మిది అంగుళాలు. కింద ఉన్న ఆరడుగుల అద్దం అంతా ఎండే. అదే ఎనిమిదడుగుల వరండా ఉంటే నాలుగు గంటలకు ఐదడుగులకు పైన నీడ పడుతుంది. ఇదంతా ఒక పేజీలో బొమ్మ గీసి, లెక్క వేసి, జిరాక్సులు తీసి అందరికీ పంచా.

సెక్రటరీ సార్ కాగితం తిప్పి చూసి "గుడ్ వర్క్ అమ్మా, పిల్లోళ్ళకి ప్రాజెక్టుగా ఇయ్యి" అన్నారు. ఏసీ పెడితే సరిపోతుంది అని తేల్చేశారు. ఆ ఏసీలు సెమినార్ హాలుకీ ప్రిన్సిపాల్ రూముకీ వచ్చాయి, క్లాసులకు రాలేదు.

వాస్తు సార్ కూడా వచ్చారండోయ్. మా దగ్గర అది లేకుండా గొయ్యి తియ్యరు. ఆయన మెట్లు అటు నుంచి ఇటు మార్పించారు, సంపు ఈశాన్యానికి తోలారు, ముఖద్వారం ఎక్కడో తేల్చడానికి ఒక పూటంతా పట్టింది. నాకు ఆయన మీద కోపమేం లేదు, నిజం చెప్పాలంటే నైరుతిలో బరువు పెట్టమనే మాటలో ఎంతో కొంత తెలివి ఉంది, ఆ మూల లావు గోడ పెడితే సాయంత్రం ఎండ లోపలికి దిగదు. నైరుతి మూల అద్దాల గోడ ఉంది కదా స్వామీ, అద్దం బరువా తేలికా అని అడిగా. ఆయన కరస్పాండెంట్ సార్ ముఖం కేసి చూసి "అద్దానికి దోషం లేదమ్మా" అన్నారు.

నేను గెలిచింది ఒక్కటే, ర్యాంపు. ప్లింతు, అంటే బిల్డింగు లేచే గట్టు, నేల నుంచి మూడడుగులు ఎత్తు. ప్లాన్ లో ర్యాంపు పొడుగు పన్నెండడుగులు. ర్యాంపుకు రూలు ఏందంటే ఒక అడుగు లేవాలంటే పన్నెండడుగులు సాగాలి, అంటే మూడడుగులకు ముప్పై ఆరు. పన్నెండడుగుల్లో మూడడుగులు ఎక్కించారంటే అది ర్యాంపు కాదు జారుడుబండ. మా దగ్గర వీల్ చైర్ లో వచ్చే అమ్మాయి ఒకతె ఉంది సెకండియర్ లో, ఆ పాప పేరు చెప్పకుండా, "సార్ ఈ ర్యాంపు మీద నన్ను కూర్చోబెట్టి మీరు తోయండి, ఎక్కిస్తే నేనింకేం మాట్లాడను" అన్నా. అందరూ నవ్వారు కానీ ర్యాంపు మారింది, మధ్యలో చదునుగా ఆగే చోటుతో మలుపు తిప్పి కట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి నాయనకు చెప్తే ఏమన్నాడో తెలుసా, "కమ్మి పట్టుకునే దానికి రెండు పక్కలా పెట్టించినావా లేదా" అన్నాడు. నేను ఒక పక్కే అనుకున్నా. మళ్ళీ పోయి రెండో పక్క అడిగి పెట్టించా.

బాత్రూముల గొడవ రాయాలంటే ఇంకో పోస్టు అవుతుంది. ఒక్క ముక్క చెప్తా. మూడంతస్తులకు లేడీస్ టాయిలెట్లు అడిగి సాధించుకున్నాం, బాగానే ఉంది, కానీ ఊడ్చే ఆయమ్మలకు చీర మార్చుకునే దానికి, క్యారియర్ పెట్టుకుని తినే దానికి ఒక్క రూము కూడా ప్లాన్ లో లేదు, అది ఎవరి మనసులోకీ రాలేదు, నిజం చెప్పద్దా, నా మనసులోకి కూడా రాలేదు. బ్లాకు ఓపెన్ అయిన నెలకు మెట్ల కింద మూడు కోణాల సందులో నలుగురు ఆయమ్మలు తల వంచుకుని కూర్చుని సంగటి తింటా ఉంటే చూశా. తల వంచుకుని ఎందుకంటే పైన మెట్లు తగులుతాయి. అదీ కార్పెట్ ఏరియాలో రాదు మరి.

మధ్యలో బెంగళూరు పోయొచ్చిన సంగతి చెప్పాలి. ఐదు రోజుల వర్క్ షాపు, ఐఐఎంలో, బన్నేరుఘట్ట రోడ్డు. వర్క్ షాపులో చెప్పింది ఏదీ గుర్తులేదు. బిల్డింగు గుర్తుంది. బి.వి. దోషి గారు గీసింది, 2018లో ప్రిట్జ్ కర్ ప్రైజు, ఆర్కిటెక్టులకు నోబెల్ లాంటిది, వచ్చింది చూడండి ఆయనకు, మన దేశంలో ఆ ప్రైజు వచ్చిన మొదటాయన. అక్కడ అసలు బిల్డింగే నడవా. గరుకు గ్రానైటు రాళ్ళ గోడలు, పైన కొన్నిచోట్ల కప్పు, కొన్నిచోట్ల ఉత్త దూలాలు, వాటి సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడుతుంది, తీగలు పాకించారు, మలుపు తిరిగితే ఒక అరుగు, ఇంకో మలుపుకు చెట్టు, మనిషి ఎక్కడో ఒకచోట కూర్చుండిపోతాడు. టీ బ్రేకులో క్లాస్ రూములో ఒక్కళ్ళు లేరు. కోటి రూపాయలు వేస్టు అని మనవాళ్ళు తీసేసిన దాన్ని ఆయన నడిబొడ్డున పెట్టి దాని చుట్టూ రూములు తగిలించాడు.

బెంగళూరు చల్లన ఊరు, మనకు అది కుదరదు అని మా సివిల్ హెచ్ఓడీ సార్ అన్నారు. తిరువనంతపురంలో ఆర్కిటెక్టు లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్ మెంట్ స్టడీస్ ఉంది కదా సార్, ఇటికెల మధ్య సందులొదిలి జాలీ గోడలు కట్టారు, ఉక్కపోతకు అవే గాలి, అద్దం ఖర్చు కూడా లేదు అన్నా. ఆయన ఏం మాట్లాడలేదు. ఆయనకు తెలుసు, నాకంటే బాగా తెలుసు, చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి పాపం.

ఇక సెల్లారు. కార్ పార్కింగ్ కోసం సెల్లారు తవ్వాలన్నారు. తవ్వే ముందర ఒక ఆదివారం నాయన్ను స్కూటీ మీద కూర్చోబెట్టుకుని స్థలం చూపించడానికి పోయా. నాయన నాలుగు దిక్కులా తిరిగాడు, ఒకచోట వంగి గడ్డి పీకి వాసన చూశాడు. "తుంగ మొలిచింది ఈడ. ఇది వంక పోయే దావ పాపా, పూడ్చినారు. ఈడ గుంత తవ్వితే నీళ్ళకు ఇల్లు కట్టిచ్చినట్టే" అన్నాడు. నేను మీటింగులో చెప్పా, కాకపోతే మా నాయన గడ్డి వాసన చూసి చెప్పాడు అని చెప్పలేదు, పాత సర్వే మ్యాపు చూడండి సార్ అని చెప్పా. 2021 నవంబరు గుర్తుందా, కొండ మీంచి నీళ్ళు నడకదారి మెట్ల మీదుగా జలపాతంలా దూకాయి, తిరుపతిలో వీధులన్నీ ఏర్లు, అటు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. మన దగ్గర అసలు వాన కొట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం వాన, తుపాను పడిందంటే మూడు రోజులు వదలదు. అది గుర్తు చేస్తే "అది ఎప్పుడో ఒకసారి వచ్చేది మేడమ్" అన్నారు. పోయిన నవంబరులో ఆ ఎప్పుడో రానే వచ్చింది, చిన్న తుపానే, సెల్లారులో మోకాళ్ళ లోతు నీళ్ళు, రెండు మోటార్లు పెట్టి ఒకటిన్నర రోజు తోడారు. అందులో ఒక కారు కరస్పాండెంట్ సార్ బామ్మర్దిది. ఆ తర్వాతే నా మాటకు కొంచెం విలువ పెరిగింది, ఈ మాట ఇక్కడ రాస్తున్నా కానీ మీరెవరికీ చెప్పకండి.

మొన్న ఏప్రిల్ లో నాయన కొత్త బ్లాకు చూస్తానన్నాడు. రెండో శనివారం, పిల్లలు లేరు. లోపలికి పోతానే చేతి కర్రతో నేల మీద టక్ టక్ మని కొట్టుకుంటా నడిచాడు, ఒకచోట ఆగి మళ్ళీ కొట్టాడు, "గుల్ల" అన్నాడు, నాలుగడుగులేసి ఇంకో టైలు, "ఇదీ గుల్లే". టైలు కింద సిమెంటు అంతటా పరచకుండా నాలుగు ముద్దలు పెట్టి అతికిస్తే అట్ట మోగుతుందంట, రెండేళ్ళల్లో పగులుతాయి రాసి పెట్టుకో అన్నాడు. తాళం చెవితో గోడ గీకాడు, పొడి రాలింది. "నీళ్ళు కొట్టలేదు సరిగ్గా" అన్నాడు. వాళ్ళ కాలంలో స్లాబు వేసినాక పైన మడి కట్టినట్టు గట్టు కట్టి నీళ్ళు నిలిపేవాళ్ళంట, గోడలకు గోనె పట్టలు చుట్టి పొద్దున సాయంత్రం తడిపేవాళ్ళంట, "ఇప్పుడు పైపు తిప్పి పోతాడు, ఫోన్ చూసుకుంటాడు". కాంక్రీటుకు పూర్తి బలం వచ్చేదానికి 28 రోజులని మా సివిల్ వాళ్ళు క్లాసులో చెప్తారు. నాయన అది చదువుకోలేదు కానీ నెల దాకా స్లాబును కింద మోసే సెంట్రింగ్ పోటుకట్టెలు పీకనిచ్చేవాడు కాదు, దాని మీద కాంట్రాక్టర్లతో కొట్లాడి రెండుసార్లు పని కూడా పోగొట్టుకున్నాడు, అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

పడమటి క్లాస్ రూముకు పోయేసరికి నాలుగైంది. ల్యాబ్ థర్మామీటరు ఒకటి నా బ్యాగులో ఉంది, కిటికీ పక్క బెంచికీ లోపలి బెంచికీ నాలుగు డిగ్రీలు తేడా చూపించింది. పిల్లలు ఏం చేశారంటే అద్దాలకు న్యూస్ పేపర్లు అంటించారు లోపల నుంచి. హైవే మీద పోయేవాడు తల తిప్పి చూస్తే ఇప్పుడు కనపడేది పోయిన వారం పేపరు. నాయన ఆ పేపర్ల ముందర చానాసేపు నిలబడ్డాడు, చదువుతున్నాడేమో అనుకున్నా. "పడమటెండకు పై నీడ పనికిరాదు పాపా, పక్క నీడ కావాల, నిలువు చెక్కలు పెట్టాల, లేకుంటే వసారా దించాల" అన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చుని సైన్ కాస్ వేసి తేల్చింది ఆయన అట్ట ఒక్క ముక్కలో చెప్పేస్తే నాకు కొంచెం ఒళ్ళు మండింది కూడా.

వచ్చేటప్పుడు చంద్రగిరి పోదాం అన్నాడు, పోయాం. రాజమహల్ లోపలికి ఎప్పుడు పోయినా చల్లగానే ఉంటుంది, విజయనగరం రాజుల కాలంది, మూడంతస్తులు, కట్టె అనేది వాడకుండా రాయి, ఇటికె, సున్నంతో లేపేశారు. నాయన అక్కడ గోడకు అరచెయ్యి ఆనించి పెట్టి తియ్యలేదు. గానుగ సున్నం గురించి చెప్పాడు, ఇసక సున్నం కలిపి గానుగలో రుబ్బడం, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోయడం, వాళ్ళ తాత పట్టిన పని అది, నాయన చూశాడు గానీ చెయ్యలేదు. గోడ లావు చూడు, పగలంతా ఎండ తాగినా లోపలికి చేరేలోపల రాత్రవుతుంది అన్నాడు. దాన్ని మేము క్లాసులో థర్మల్ మాస్ అని చెప్తాం, పదమూడు మార్కుల ప్రశ్న.

మన ఊరి చుట్టూ చూడండి, క్యాంపస్ లకు కొదవా. మహిళా యూనివర్సిటీ 1983లో, వెటర్నరీ 2005లో, వేదిక్ 2006లో, సంస్కృత విద్యాపీఠం 2020లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, ఐఐటీ, సైన్సు చదువుల ఐసర్ రెండూ 2015లో మొదలు, అవి రెండూ మొదట వేరే కాలేజీల బిల్డింగుల్లోనే నడిచాయి, తర్వాత ఏర్పేడు పక్క సొంత క్యాంపస్ లు. ఐఐటీకి అక్కడ ఐదు వందల ఎకరాలకు పైన ఉంది. అంత భూమిలో ఎర్రమట్టి మీద మొదటి నుంచి గీసుకునే అవకాశం అంటే నాకు అసూయగా ఉంటుంది, మాకున్నది పన్నెండెకరాలు, అందులో సగం బస్సులు నిలబెట్టే గ్రౌండు.

కట్టేదానికి డబ్బు ఎట్టో పుడుతుంది, చూసుకునేదానికి పుట్టదు, అది పెద్దవాళ్ళకీ తప్పలేదు. అహ్మదాబాద్ ఐఐఎంలో అమెరికా ఆర్కిటెక్టు లూయీ కాన్ గీసిన హాస్టళ్ళు, ప్రపంచం మొత్తం పోయి చూసే ఇటికె కట్టడాలు, 2020 డిసెంబరులో చానా వరకు పడగొడతామన్నారు, కారుతున్నాయి పగుళ్ళు వచ్చాయి అని, గొడవ అయితే వెనక్కి తగ్గారు, మళ్ళీ 2022లో అదే మాట. లూయీ కాన్ కే అట్టుంటే మా గుల్ల టైల్స్ సంగతి ఏం చెప్పాలి.

ఇప్పుడు ఫేజ్ టూ వచ్చింది. సెకండ్ బ్లాకు, మళ్ళీ అదే ఆర్కిటెక్టు. ఈసారి ప్లాన్ ముందుగా నా దగ్గరికి పంపించారు, చూసి చెప్పమ్మా అని. తూర్పు పడమరలుగా పొడుగు పెట్టాడు, అంటే పొడుగు గోడలు ఉత్తరం దక్షిణం చూస్తాయి, పడమటికి ఉండేది ఇరుకు గోడ, ఆ కుర్రాడు పేపర్లు అంటించిన ఫోటోలు చూసినట్టున్నాడు, నేనే పంపించా లెండి. సెల్లారు లేదు. ఆయమ్మల రూము కింద ఫ్లోర్ లో స్టోర్ అని పేరు పెట్టి చూపించాడు, పేరు ఏదైతేనేం, కిటికీ ఉంది. వరండా మాత్రం మళ్ళీ లేదు. నేను పెన్సిల్ తో దక్షిణం పక్క ఎనిమిదడుగులు గీసి, మొత్తం ఒప్పుకోరని తెలుసు కాబట్టి కింద అంతస్తుకన్నా వెయ్యండి అని రాసి, పిట్టగోడ కూర్చునేంత ఎత్తులో, కూర్చునేంత వెడల్పులో ఉండాలి అని కూడా రాసి ఇచ్చా. కింద ఒక్క అంతస్తుకే అంటే 1,600 చదరపు అడుగులు, ముప్పై రెండు లక్షలు. మా సివిల్ హెచ్ఓడీ సార్ నా పెన్సిల్ గీత పక్కన సంతకం పెట్టారు, ఏం మాట్లాడకుండానే.

సోమవారం మీటింగు. నిన్న కరస్పాండెంట్ సార్ కనపడి "ఆ తుంగగడ్డి సంగతి మీ నాన్నగారు చెప్పారంట కదమ్మా, మా డ్రైవరు చెప్పాడు. ఆయన్ని ఒకసారి తీసుకురా" అన్నారు. డ్రైవరుకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, మా నాయనే గేటు దగ్గర టీ తాగతా చెప్పుంటాడు.

ఇంటికొచ్చి చెప్పా. నాయన కాసేపు ఏం అనలేదు. తర్వాత "ఆ మీటింగు రూములోకి చెప్పులేసుకొని పోవచ్చునా?" అని అడిగాడు. వేసుకునే పోవచ్చు నాయనా అన్నా. అమ్మను పిలిచి తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇయ్యమన్నాడు. ఇప్పుడేమో అటక మీద నుంచి పాత రసమట్టం దించి తుడుస్తా ఉన్నాడు, మీటింగుకు అదెందుకు నాయనా అంటే వినడం లేదు.